వేషం సొమ్ము

రాయచెర్లు,
12 డిసెంబరు 2022

చిరంజీవి రంజితకు మామ ఆదెప్ప దీవించి రాసేది. ఇక్కడ ఎండ బాగుంది, ఎండను నమ్ముకున్న కంపెనీలు బాగున్నాయి, వాటికి పొలాలిచ్చిన మేమూ బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు ఎలా ఉందో నువ్వు రాయి. అక్కను ఫోనులో ఎప్పుడడిగినా "బాగుండాదిలేప్పా" అంటుంది. ఆమె అంత తొందరగా బాగుందని చెప్పిందంటే నాకు అనుమానమే.

ఫోను ఉండగా జాబులేమిటని మీ ఆఫీసులో నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. తుమకూరులో కన్నడ బడిలో చదివిన పిల్లవు నువ్వు. ఎండాకాలం సెలవుల్లో నిన్ను మా అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది నేను. మడకశిర బడిలో నాకు అబ్బిన చదువు అదొక్కటే. నువ్వు రాయడం మానితే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. పైగా ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావు. కాగితం ముందు ఆ ఆట సాగదు.

ఇక అసలు సంగతి. పొలాలు సోలారు పార్కుకు ఇచ్చిన కొత్తలో మన ఊరి నాటకం ఒకసారి ఆడాం. అదే కడసారి. తర్వాత కుర్రవాళ్లు తలో దిక్కు పోయారు, ఆపైన కరోనా వచ్చింది. కౌలు డబ్బు వస్తోంది, కాదనను. వేరుశనగ వేసి మబ్బు కోసం మెడ నొప్పిపుట్టేలా చూసే బాధ తప్పింది. కానీ ఆ డబ్బు ఊళ్లో ఒక్క పూట నిలవదు. వచ్చిన వారంలోనే పావగడ బండ్ల షోరూముకో, హిందూపురం బట్టల కొట్టుకో పోతుంది. భూమి లేనివాళ్లకు ఆ మాత్రమూ లేదు. కలుపు లేదు, కాయ ఒలుపు లేదు, కూలికి పిలిచే చేను లేదు.

మన హార్మోనియం మేష్ట్రు గంగాధరనే చూడు. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో నాటకం కట్టినా ఆయన వచ్చి పెట్టె ముందు కూర్చోవాల్సిందే. ఇప్పుడు కాంట్రాక్టరు కింద సోలారు పలకలు కడుగుతున్నాడు. మొన్న ఇంటికొచ్చి, "ఆదెప్పన్నా, హిందూపురంలో వాచ్‌మన్ పని ఉండాదంట. ఉగాది అయితానే పోతాం" అన్నాడు. మన నాటకం మట్లన్నీ, అంటే పద్యాల వరసలన్నీ, ఆయన గొంతులో, ఆయన వేళ్లలో ఉన్నాయి. ఆయన ఊరు దాటితే నాటకం ముగిసినట్టే. గద వేషం, అంటే గద పట్టే రాజు పాత్ర, ఎన్నో ఏళ్లుగా నాది. ఊళ్లో నన్ను 'గద ఆదెప్ప' అనేవాళ్లే ఎక్కువ. ఆ పేరు నా ఒక్కడితో పోతే పోనీ, నాటకం పోకూడదు.

ఉగాదికి ఒకసారి ఆడాలి. ఆ వంకన మేష్ట్రును ఇక్కడే నిలబెట్టుకోవాలి. నీ ఆఫీసు పని కళలకు సాయం చేయడమే కదా. ఏదైనా దారి ఉంటే చూడు.

మీ అత్త తిమ్మక్క శనక్కాయల పొడి పంపుతోంది. డబ్బా తిరిగి పంపమని నన్ను రాయమంది. నేను రాశాను, నువ్వు పంపవు, అది వేరే సంగతి.

నీ మామ,
ఆదెప్ప

బెంగళూరు,
21 డిసెంబరు 2022

మామకు నమస్కారాలు. అమ్మ మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. ఏప్రిల్లో చేయిద్దామనుకుంటున్నాం. అమ్మ మాత్రం బాగుందనే అంటోంది.

నీ జాబు ఎంత మంచి సమయానికి వచ్చిందో చెప్తే నమ్మవు. కరోనా దెబ్బ నుంచి దేశం లేచి నిలబడడానికి కళలు, పాత సంప్రదాయాలు, భాషలు ఎలా పనికొస్తాయో కొన్ని ఊళ్లలో చేసి చూపించే పని ఇప్పుడు మాకు అప్పజెప్పారు. దానికి ఒక సోలారు కంపెనీ కూడా కొంత సొమ్ము ఇస్తోంది. నేను వెంటనే మన నాటకం పేరు చెప్పాను.

మా పైఅధికారి భరత్‌కుమార్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అలా తుడుచుకున్నారంటే ఒప్పుకోలేదని అర్థం. "చేనేత అంటే బట్ట అమ్ముడవుతుంది, కుండ అంటే కుండ అమ్ముడవుతుంది. నాటకం ఎవరి కడుపు నింపుతుంది?" అన్నారు. రెండో ప్రశ్న ఇంకా గట్టిది: "కర్ణాటకలో తెలుగు నాటకమేమిటి?" పావగడలో పిల్లలు తెలుగులో ఏడ్చి, కన్నడలో లెక్కలు చేసి, రెండు భాషల్లోనూ బేరమాడతారని చెప్పాను. ఆయన నవ్వారు గానీ కాగితం మీద చూపించమన్నారు.

కాబట్టి నాకు వివరాలు కావాలి మామా. ఎంతమంది వేషాలు కడతారు, ఎన్ని రోజులు నేర్చుకుంటారు, ఆ రోజుల్లో వాళ్లకు పనులు ఎంత నష్టం? ఈ నాటకంతో మనవాళ్లకు నాలుగు వేళ్లు నోట్లోకి పోయేలా చేయడమే నా పట్టుదల. నిన్ను చూసి మా ఆఫీసు నేర్చుకోవాలి.

డబ్బా గురించి అత్తకు నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ కోడలు,
రంజిత

రాయచెర్లు,
6 జనవరి 2023

చిరంజీవి రంజితకు. నీ జాబు గోడౌనులో అందరికీ చదివి వినిపించాను. శివరాజు తన శనక్కాయల గోడౌను నేర్చుకోవడానికి ఇచ్చాడు. కాయలు లేక ఖాళీగానే ఉందనుకో. మేష్ట్రు పలకలు కడిగి వచ్చి, మొహం కడుక్కుని పెట్టె ముందు కూర్చుంటున్నాడు. మొదటి రోజు ఆయన శ్రుతి పట్టగానే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నా గొంతు మాత్రం తలుపు బందు కీచుమన్నట్టు వచ్చింది.

పాత్రధారులం పద్దెనిమిది మందిమి. వేషాలన్నీ కుదిరాయి. చక్రం వేషం శివరాజు పట్టాడు, ట్రాక్టరు రిపేరు పక్కన పెట్టి మరీ. అందుకని ఆయన భార్య రెండు రోజులు మాట్లాడలేదట.

మీ భరత్‌కుమార్ రెండో ప్రశ్నకు జవాబు రాసుకో. మా నాటకం పుస్తకాలు చూస్తే ఆయనకు తల తిరుగుతుంది. పద్యం తెలుగు, అక్షరం కన్నడం. నాలాగా ఒకరిద్దరికి తప్ప ఇక్కడ తెలుగు రాయడం రాదు. అందుకని మా తాతల నాడే నోటికొచ్చిన తెలుగును చేతికొచ్చిన కన్నడంలో రాసుకున్నారు. రాజులు తెలుగు పద్యం పాడతారు, హాస్యగాడు కన్నడం కలుపుతాడు, జనం రెంటికీ ఈలలు వేస్తారు. అనంతపురం వాళ్లనడిగితే "మీరు కర్ణాటకం వాళ్లు గదా" అంటారు. తుమకూరు వాళ్లనడిగితే "నిమ్మది తెలుగు" అంటారు, మీది తెలుగు గదా అని. ఎవరి జాబితాలోనూ మేం లేము. లేకపోయినా మూడు తరాలుగా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఆడాం. అది రాయి, ముందు అది రాయి.

నీ ప్రశ్నల్లో పనుల నష్టం గురించి అడిగావు. నాటకానికి వచ్చినవాడు నష్టం లెక్కచూసుకుంటాడా పిచ్చిపిల్లా. మేష్ట్రు సంగతి చూడమని మళ్లీ చెప్తున్నాను. ఆయన హిందూపురం వాళ్లకు ఇంకా ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు.

నీ మామ,
ఆదెప్ప

బెంగళూరు,
22 జనవరి 2023

మామకు. ఈ జాబు నిలబడి రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు. మన నాటకానికి సొమ్ము మంజూరైంది.

భరత్‌కుమార్ గారు నీ జవాబు మీటింగులో గట్టిగా చదివారు. తర్వాత అందరూ నన్ను పావగడ మనిషి అని పిలవడం మొదలుపెట్టారు. నాకు ఎంత గర్వంగా ఉందో రాయలేను.

ఇప్పుడు విను. పద్దెనిమిది మంది నటులకూ గౌరవధనం ఇస్తాం. నేర్చుకున్న రోజులకు వేరుగా, ఆడిన రోజుకు వేరుగా. నాటక సంఘం పేరున కన్నడంలో నోటీసు పంపాను, పాల డైరీ గోడకు అతికించమన్నాను. ఊరంతా చూడాలి. ఇన్నేళ్లూ ఊరికే శ్రమపడ్డారు. ఇక వేషం కట్టిన ప్రతివాడూ సంపాదించినవాడే. మిగిలిన డబ్బుతో పరదాలు, మైకు కూడా వస్తాయి. మేష్ట్రు గారిని కూడా నటుల పట్టీలోనే చేర్చాను.

మీ మొహాలు చూడాలని ఉంది. నోటీసు చదివినప్పుడు ఎవరేమన్నారో ఒక్క మాట వదలకుండా రాయి.

నీ కోడలు,
రంజిత

రాయచెర్లు,
2 ఫిబ్రవరి 2023

చిరంజీవి రంజితకు. మేము క్షేమం.

నీ నోటీసు పాల డైరీ గోడకు అతికించారు. అందరూ చదివారు. మారక్క టీ కొట్టు దగ్గర ఇంకా చదువుతూనే ఉన్నారు. "గద ఆదెప్ప కూడా క్యూలో నిలబడతాడంటనా?" అని ఒకడు నా ఎదురుగానే అడిగాడు. నేను టీ తాగకుండా వచ్చేశాను.

గోడౌనుకు తాళం వేశారు. శివరాజు చక్రం వేషం వద్దన్నాడు. ఆయన వెనకే ఇంకా కొందరు వద్దన్నారు. మేష్ట్రు పెట్టెకు గుడ్డ కప్పి ఇంటికి తీసుకుపోయాడు. హిందూపురం వాళ్లకు ఫోను చేసినట్టు విన్నాను.

ఒక్క మాట వదలకుండా రాయమన్నావు. అన్నీ రాసేవి కావు. నువ్వు తెలిసిన పిల్లవు, ఇంతకంటే చెప్పను.

ఆదెప్ప

బెంగళూరు,
9 ఫిబ్రవరి 2023

మామకు. నీ జాబు చదివి ఆ రోజంతా అన్నం సహించలేదు. నువ్వు అంత పొడిగా రాయడం నాకు తెలియదు. కానీ నువ్వు రాయకపోయినా నాకు అర్థమైంది.

తప్పు నాదే. పద్దెనిమిది మంది నెలల తరబడి పనులు మానుకుని నేర్చుకుంటే, మేమిస్తామన్నది వాళ్లకు ఏ మూలకు వస్తుంది? ఒక రోజు పలకలు కడిగితే వచ్చే కూలి అంత కూడా లేదు. పెద్దమనుషులు, నోరు తెరిచి అడగలేరు, అందుకే మొహం చాటేశారు. నేను భరత్‌కుమార్ గారితో పోట్లాడాను. కళ్లద్దాలు ఎన్నిసార్లు తుడుచుకున్నారో చెప్పలేను. చివరికి ఒప్పుకున్నారు. అందరికీ గౌరవధనం రెట్టింపు చేశాం.

కొత్త నోటీసు రేపే పంపుతున్నాను. ఈసారి అంకెలు పెద్ద అక్షరాలతో వేయించాను. దూరం నుంచైనా కనపడాలి. శివరాజన్నను నా మాటగా బతిమాలు. మేష్ట్రు గారిని ఆపు.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయి మామా.

రంజిత

రాయచెర్లు,
16 ఫిబ్రవరి 2023

రంజితకు. పెద్ద అక్షరాల నోటీసు వచ్చింది. బాగా కనపడింది. నేనే వెళ్లి చింపేశాను.

ఆ చింపిన కాగితం చేతిలో పట్టుకుని ఇంటికి వస్తుంటే నీకు నిజంగానే తెలియదేమోనని తోచింది. అందుకని మొదటి నుంచీ రాస్తాను, సావధానంగా చదువు.

మన నాటకంలో వేషం కట్టేవాడు డబ్బు తీసుకోడు, కడతాడు. వేషాలు పంచుకునే రోజున హార్మోనియం ముందు పళ్లెం పెడతాం. గద వేషం కావాలన్నవాడు తాంబూలంతో పాటు దాని సొమ్ము పళ్లెంలో పెట్టాలి. గదకు ఎక్కువ, చక్రానికి ఎక్కువ, చిన్న రాజులకు తక్కువ. సొమ్ము కట్టినవాడిదే వేషం. వాడు కోటీశ్వరుడా, గొర్రెలు కాసేవాడా అని ఎవరూ అడగరు. మా నాయన రెండు మేకలమ్మి వేషం కట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాత్రి కిరీటం పెట్టుకుని నిలబడితే, ఇది నా కష్టంతో కొనుక్కున్న రాజ్యం అనుకుంటాం. అలాంటివాళ్ల పేర్లు గోడకెక్కించి, ఒక్కొక్కరికి ఇంత కూలి అని రాశావు. ఒకసారి చాలక రెండోసారి రెట్టింపు చేశావు. శివరాజు ఏమన్నాడో ఇప్పుడు రాస్తున్నాను: "మా ఇంట్లో తినేకి లేక రంగు పూసుకుంటాండామా?"

ఆడ వేషాలకు మాత్రం బయటి నుంచి పెనుకొండ సవితమ్మను పిలిపిస్తాం. ఆమె డబ్బుకు ఆడుతుంది, తీసుకుని పోతుంది. మమ్మల్ని ఆమెతో కలిపి కట్టావు. అదీ మాకు నొప్పి.

నాటకం ఎవరి కడుపు నింపుతుందని అడిగాడు కదా మీ భరత్‌కుమార్. ఆడేవాడి కడుపు నింపదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నాటకం ఉన్న ఏడాది ఊరు ఎలా ఉండేదో ఆయనకు తెలుసా? మా వేషం సొమ్ముతో, బట్టలు కుట్టే ఓబమ్మ మిషను నెల రోజులు ఆగకుండా తిరిగేది. పరదాలవాడికి, మైకువాడికి, పూలు కట్టేవాళ్లకు, మారక్క టీకి, బెండ్లు బొరుగులు అమ్మేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు, అందరికీ అందులో పాలుండేది. కౌలు డబ్బు షోరూముకు పోయి ఇనుమై తిరిగొస్తుంది. వేషం సొమ్ము ఊళ్లోనే పది చేతులు తిరిగేది. దేశం కోలుకోవడమంటే నాకు తెలిసింది ఇదే. రాసుకుంటే రాసుకో, లేకపోతే లేదు.

మేష్ట్రు ఉగాది దాకా కూడా ఆగేలా లేడు. 

ఆదెప్ప

బెంగళూరు,
24 ఫిబ్రవరి 2023

మామకు. నీ జాబు మూడుసార్లు చదివాను. రెండుసార్లు సిగ్గుతో, మూడోసారి కోపంతో. రెండూ చెప్తాను.

సిగ్గు ముందు. మీ కిరీటాలకు నేను కూలి కట్టాను. శివరాజన్నకు, అందరికీ నా తరపున క్షమాపణ చెప్పు. నోటీసు చింపి మంచి పని చేశావు.

ఇక కోపం. నాకు ఎలా తెలుస్తుంది మామా? వేషాలు పంచుకునే రోజున ఆడపిల్లలను గోడౌను గడప దాటనిచ్చారా? మేము చూసింది నాటకం రాత్రి చాప మీద కూర్చుని, సగంలో నిద్రపోవడం. పళ్లెం సంగతి అమ్మకు కూడా తెలియదు, నిన్న అడిగాను. "మగోళ్లు ఏందో మాట్లాడుకుంటాండ్రి" అంది. మీరు చెప్పకుండా దాచుకున్న గౌరవాన్ని నేను తెలియక తొక్కాను.

ఇంకొకటి. సవితమ్మతో కలిపి కట్టడం నీకు నొప్పి అన్నావు. సవితమ్మ పాడితే నిద్రపోయిన పిల్లలం లేచి కూర్చునేవాళ్లం. నీ గద పద్యానికి ఎప్పుడూ లేవలేదు, క్షమించు. ఆమె ఆ గొంతుతో ఇల్లు నడిపింది. మేష్ట్రు వేళ్లతో నడిపాడు. మీరు సరదాకు కొనుక్కునే రాజ్యం వాళ్లకు రోజూ చేసే సేద్యం. సేద్యం చేసేవాడు పంట తీసుకుంటే తక్కువా? మేష్ట్రు ఎందుకు పోతున్నాడు మామా? నాటకం ఉన్న ఏడు మీరు ఆయన చేతిలో పెట్టింది, లేని ఏడు ఆయన్ని బతకనివ్వలేదు. అందుకే.

నేను చేసిన పని చెప్తాను. మీ పద్దెనిమిది మంది పేర్లూ కొట్టేశాను. ఒక్క పైసా ఇవ్వం. మీ వేషాలు మీరే కొనుక్కోండి. ఆ సొమ్ము నాటకం మీద బతికేవాళ్లకు: మేష్ట్రుకు నెల జీతం, ఏడాది పొడవునా, చుట్టుపక్కల ఊళ్లలో కూడా నేర్పించడానికి. సవితమ్మకు ఆమె అడిగినంత. ఓబమ్మకు, పరదాలవాళ్లకు, కూలికి నిలబడే ప్రతి ఒక్కరికీ. నీ షోరూము మాట, పది చేతుల మాట భరత్‌కుమార్ గారికి చదివాను. ఈసారి కళ్లద్దాలు తుడుచుకోలేదు, కలం తీశారు.

ఒప్పుకుంటే రాయి. ఒప్పుకోకపోతే కూడా రాయి.

నీ కోడలు,
రంజిత

రాయచెర్లు,
4 మార్చి 2023

చిరంజీవి రంజితకు మామ దీవెనలు. నీ జాబు మీ అత్తకు చదివి వినిపించాను. సవితమ్మ ముక్క రెండోసారి చదవమంది. చదివాను. "ఇంగోసారి సదువు, ఈసారి నిదానంగా" అంది. నా గద పద్యానికి పిల్లలు లేవలేదన్న ముక్క దగ్గర నవ్వి నవ్వి కొంగు నోట్లో పెట్టుకుంది. ఇంట్లో శత్రువు, బెంగళూరులో శత్రువు, ఇక నేనెక్కడికి పోను.

మేష్ట్రు ఇంటికి నీ మాట నేనే తీసుకుపోయాను. ఆయన విని, కూతురు సింధుశ్రీ వైపు చూశాడు. ఆ పిల్ల, "నాయనా, హిందూపురం వాళ్లకు రానని చెప్పు" అంది. చెప్పాడు. నా ఎదురుగానే చెప్పాడు.

తర్వాత బస్సెక్కి పెనుకొండ పోయాను. ఇన్నేళ్లూ సవితమ్మకు కబురు పంపడమే గానీ, ఇంటికి పోయి పిలిచింది లేదు. నీ జాబులో మాటలే నేను సొంతంగా పుట్టించినట్టు చెప్పాను. ఆమె విని, "మజ్జిగ తాగన్నా, ఎండలో వచ్చినావు" అంది. వస్తానంది.

శివరాజు కూడా మెత్తబడ్డాడు. వేషాలు మళ్లీ మొదటి నుంచి పంచుకుందామన్నాడు. వచ్చే సోమవారం పళ్లెం పెడుతున్నాం. ఈసారి గడప దగ్గర ఎవరినీ ఆపం. మీ అత్త అప్పుడే చీర తీసి పెట్టుకుంది.

నీ మామ,
ఆదెప్ప

రాయచెర్లు,
9 ఏప్రిల్ 2023

చిరంజీవి రంజితకు. మీ అమ్మ ఆపరేషన్ బాగా జరిగిందని విని ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టించాను. ఆపరేషన్ తేదీ ముందుకు జరిగి నువ్వు ఉగాది నాటకానికి రాలేకపోయినందుకు ఊరంతా నొచ్చుకుంది. నీకు రెండు జాబులు బాకీ పడ్డాను. రిహార్సళ్ల హడావిడి అని చెప్పవచ్చు, కానీ మొదటి వారం కోపంతోనే రాయలేదు. ఎవరి మీద కోపమో విను.

సోమవారం గోడౌను నిండిపోయింది. ఆడవాళ్లు ఒక పక్కంతా కూర్చున్నారు. హార్మోనియం ముందు పళ్లెం పెట్టాం. శివరాజు చక్రం వేషానికి తాంబూలం, సొమ్ము పెట్టాడు. తర్వాత గద. నేను పంచె సర్దుకుని లేవబోతున్నాను. అంతలో మేష్ట్రు పెట్టె వెనక నుంచి లేచి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, పళ్లెంలో తాంబూలం పెట్టి దాని మీద డబ్బు పెట్టాడు.

"ఎవరి తరపున మేష్ట్రా?" అన్నాడు శివరాజు.

"నా తరపునే. గద వేషం నాకు కావల్ల."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక నుంచి ఒకాయన, "మేష్ట్రు పెట్టె ముందర కూకోవల్ల గానీ, కిరీటం పెట్టుకుంటాడా" అన్నాడు.

గంగాధర తల దించలేదు. "ఈ ఊర్లో గద పట్టినోళ్లందరికీ నేనే నేర్పించినా. నేనొక్కసారీ పట్టలేదు. పళ్లెంలో పెట్టేకి సొమ్ము యాడిది నాకు? ఇప్పుడు ఉండాది. ఆఫీసోళ్లు ముందే పంపిన నా జీతం అది. అడుగుతాండా" అన్నాడు.

"మరి పెట్టె ఎవరు వాయిస్తారప్పా?"

"సింధు వాయిస్తాది. మట్లన్నీ దానికి నేర్పినా. ఆడపిల్ల వాయించకూడదంటే ఇప్పుడే చెప్పండి."

అందరూ నా మొహం చూశారు. నాకు ఒళ్లు మండింది రంజితా. ఎన్నో ఏళ్లుగా నాది అనుకున్న వేషం. ఈ మనిషిని ఊళ్లో నిలబెట్టాలని బస్సులెక్కి తిరిగింది నేను. నా జేబులో సొమ్ము ఉంది, ఇంకా ఎక్కువ పెట్టగలను. చెయ్యి జేబు దాకా పోయింది. అక్కడే ఆగిపోయింది. సొమ్ము కట్టినవాడిదే వేషం, వాడెవడని అడగం అని నీకు అన్ని పేజీలు రాసినవాణ్ణి నేనే కదా. నా మాటే నా చేతిని పట్టుకుంది.

లేచి ఇంటికి పోయాను. అలిగి పోయాననుకున్నారు. నా గద తీసుకుని వచ్చాను. అది మా నాయన చేయించింది, ఊళ్లోవాళ్లెవరినీ ముట్టుకోనివ్వను. తెచ్చి మేష్ట్రు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పట్టుకున్న తీరు చూస్తే, ఆ మనిషి ఎన్నేళ్లుగా మనసులో పట్టుకుని ఉన్నాడో తెలిసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గర్వమా, దుఃఖమా అంటే చెప్పలేను, రెండూ.

వేషాలన్నీ అయిపోయాయి. మిగిలింది ద్వారపాలకుడు. దానికి ఎవరూ సొమ్ము కట్టరు. మాటా లేదు, పద్యమూ లేదు, ఈటె పట్టుకుని నిలబడడమే. ఎవరో ఒక మనిషిని కూలికి నిలబెడతాం. రంగస్థలం మీద లేకుండా నేను నాటకం చూడలేను. అది నాకివ్వమన్నాను.

నాటకం ఎలా జరిగిందని అడుగు. వెంకటమ్మనహళ్లి, అరసికెరె వాళ్లు ఆటోలు కట్టుకుని వచ్చారు. ఆంధ్రా వైపు నుంచి కూడా వచ్చారు, పార్కులో ఇంజనీర్లు వచ్చారు. మీ భరత్‌కుమార్ వచ్చాడు. కర్ణాటకలో తెలుగు నాటకమేమిటన్న మనిషి హాస్యగాడి మాటకు అందరికంటే ముందు నవ్వాడు. సింధుశ్రీ పెట్టె వాయిస్తుంటే వాళ్ల నాయన పాడాడు. ఇన్నేళ్లూ గద వేషం నేను బాగా కట్టాననుకున్నాను. నేను అరిచాను, ఆయన పాడాడు. సవితమ్మతో కలిసి పద్యం అందుకున్నప్పుడు జనం 'మళ్లీ, మళ్లీ' అని మూడుసార్లు పాడించారు. నేను రెండడుగుల దూరంలో ఈటె పట్టుకుని నిలబడ్డాను. ద్వారపాలకుడు కదలకూడదు, కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు.

తెల్లవారి పాలు అయిపోయి, మారక్క డికాషన్ మాత్రమే అమ్మింది. అరసికెరె వాళ్లు తమ ఊళ్లో నాటకం కట్టడానికి మేష్ట్రును అక్కడే అడిగారు. వెంకటమ్మనహళ్లి వాళ్లు వాళ్ల పిల్లలకు నేర్పమన్నారు. కాంట్రాక్టరు దగ్గర పని మానేశానని మేష్ట్రు చెప్పాడు.

తర్వాత మీ ఆఫీసువాళ్లు డబ్బు ఇవ్వడానికి గోడౌనులో బల్ల వేశారు. సవితమ్మ ముందు నిలబడింది, ఆమె వెనక సింధుశ్రీ, ఆ పిల్ల వెనక నేను.

శివరాజు చూసి, "ఏందన్నా, నువ్వూనా?" అన్నాడు.

"కూలికి నిలబడినా గదప్పా. తీసుకోకుండా పోతే ఈ ఇద్దరినీ తక్కువ చేసినట్టు గాదా?" అన్నాను.

సవితమ్మ వెనక్కి తిరిగి, "పెద్దోనివి, ముందు నువ్వు రా అన్నా" అంది. "నీ తర్వాతనే అమ్మా" అన్నాను. మారక్క కొట్టులో నన్ను ఎగతాళి చేసినవాడు గడప దగ్గరే ఉన్నాడు. చూశాడు. చూడనీ. తల ఎత్తుకుని సంతకం పెట్టాను.

ఆ డబ్బు తెచ్చి మీ అత్త చేతిలో పెట్టాను. పెళ్లైన నాటి నుంచి నాటకం పేరు చెప్పి నేను ఇంట్లోంచి డబ్బు పట్టుకుపోవడమే చూసింది. తేవడం ఇదే మొదలు. ఖర్చు పెట్టమంటే పెట్టడం లేదు. ఇంటికి ఎవరొచ్చినా నీళ్లివ్వకముందే కొంగు ముడి విప్పి చూపిస్తోంది. "మా ఆయప్ప ఆడి సంపాయించినాడు" అంటోంది.

నీ మామ,
ఆదెప్ప